బెర్గెనమ్మ ప్రార్థన

మొన్న నవంబరులో వారం రోజులు ముసురు పట్టింది. మా కోడలు మిద్దె మీదికి తీసుకుపోయిన తడిబట్టల బుట్టను అట్లాగే కిందికి తెచ్చి, "అత్తా, ఇవి ఈ జన్మకు ఆరవు" అన్నది. నేను కాఫీ తాగుతున్నాను. ఆలోచించకుండానే నా నోట్లోంచి, "బెర్గెన్‌లో ఏడాది పొడుగునా ఇంతేనంట" అన్న మాట వచ్చింది.

"యాడ?" అన్నది కోడలు.

"బెర్గెన్. నార్వే దేశంలో పాతకాలపు ఓడరేవు పట్నం."

"నువ్వెప్పుడు పోయొచ్చినావు ఆడికి?"

నేను మద్రాసు దాటి ఎక్కడికీ పోలేదని కోడలికి బాగా తెలుసు. నవ్వుకుంటూ బట్టలు ఫ్యాను కింద పరచడానికి లోపలికి పోయింది. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. ఆ పట్నాన్ని నా నోటికి అలవాటు చేసిపోయిన మనిషి కళ్ల ముందుకు వచ్చింది. ఆమె కూడా బెర్గెన్ చూడలేదు. కాని మా తిరుపతిలో ఆ పేరు వినని క్రైస్తవ కుటుంబం లేకుండా చేసింది.

ఆమె బాప్తిస్మపు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఆమె బతికుంటే, "నా పేరెందుకు టీచరూ, ఊరి పేరు రాయి చాలు" అనేది. మా చర్చి సంఘమంతా ఆమెను బెర్గెనమ్మ అనే పిలిచేది. మొదట ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు. ఆమె దాన్ని బిరుదులాగా తీసుకుంది.

డెబ్బైల్లో మా సంఘం చిన్నది. పెంకుల కప్పు, మూడు మెట్లు, తాడు లాగితే మోగే గంట. మా వాళ్లు చర్చిని గుడి అనే అంటారు. తిరుపతిలో ఎవరైనా "గుడికి పోతున్నా" అంటే ఏ గుడికని అడిగేవాళ్లు ఉండరు. మమ్మల్ని మాత్రం అడిగేవాళ్లు. నేను అప్పుడే మిషన్ బడిలో టీచరుగా చేరాను, ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేదాన్ని. ఆమె అప్పటికే మిషన్ ఆసుపత్రిలో కాన్పుల గది ఆయాగా పనిచేసి మానుకున్న ముసలామె. పొట్టి మనిషి. నీలం అంచు తెల్లచీర. చేతిలో ఎప్పుడూ ఒక నల్ల గొడుగు. దాన్ని ఆమె విప్పగా నేను చూడలేదు. ఎండకు కొంగే కప్పుకునేది. వాన మాకు ఎటూ లేదు. గొడుగు ఆమెకు లేచి నిలబడడానికి.

ఆరాధనలో ప్రసంగం అయ్యాక విజ్ఞాపనల వేళ వచ్చేది. పాస్టరు అయ్యగారు అడగగానే ఒక్కొక్కరే లేచి తమ తమ భారం చెప్పుకునేవాళ్లు. ఒకరికి కొడుకు పరీక్ష. ఒకరికి బదిలీ. ఒకరికి మోకాళ్లు. అందరివీ అయ్యాక, ఆడవాళ్ల వైపు మూడో వరుసలో గొడుగు మొన నేలకు తగిలేది. ఆమె లేచేది. కళ్లు మూసుకునేది కాదు. కిటికీలోంచి కనిపించే కొండల్ని చూస్తూ చెప్పేది.

"ప్రభువా, బెర్గెన్ పట్టణాన్ని జ్ఞాపకం చేసుకో. ఆడ వాన రొంత నిలుపు. వాళ్ల బట్టలు ఆరనీ. ఆ కొయ్య ఇండ్లకు నిప్పు తగలనీకు. సముద్రం మీదికి పోయినోళ్లను ఇండ్లకు చేర్చు. ఆమేన్."

ఇంతే. ఒక మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు. తన మోకాళ్ల గురించి, తన పింఛను గురించి ఏనాడూ అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్లు పక్కవాళ్లను మోచేత్తో పొడిచి "ఏమంటా ఉండాది?" అని అడిగేవాళ్లు. పాతవాళ్లు ఆమేన్ అని కూర్చునేవాళ్లు.

ఆ పేరు ఆమెకు ఎట్లా వచ్చిందంటే, ఆమె మిషన్ అనాథ బాలికల హాస్టల్లో పెరిగింది. అప్పట్లో దాన్ని చూసుకున్నది ఒక నర్సు దొరసాని. బెర్గెన్ ఆమె సొంత ఊరు. తెల్లవారగానే పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి చెంచాతో చేపనూనె పోసేదంట. ఆ కంపుకు ముక్కు మూసుకునే పిల్లలకు తన ఊరి కథలు చెప్పి మరిపించేదంట. రేవు పొడుగునా ఒకదానికొకటి ఆనుకొని నిలబడిన కొయ్య ఇండ్లు, ఎరుపువీ పసుపువీ. ఎన్నిసార్లు కాలిపోయినా మళ్లీ అదే వరుసలో కట్టుకుంటారంట. ఉత్తరాది నుంచి పడవల్లో ఎండుచేప వస్తుంది. ఆ చేప ఇచ్చి పరాయి దేశాల ధాన్యం తీసుకుంటారు. ఆ ఊరి పాత పేరుకు అర్థం కొండల నడుమ పచ్చిక అంట. ఊరి చుట్టూ ఏడు కొండలు. దొరసాని మొదటిసారి రేణిగుంట దాటి తిరుపతి వైపు వస్తూ, ఇక్కడ కూడా ఏడు కొండలే అని ఎవరో చెప్పగా విని, ఇక వేరే ఊరికి పోనని పైవాళ్లకు చెప్పేసిందంట.

బెర్గెనమ్మ వీధిలోనే ఒక పెద్దాయన ఉండేవాడు. దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు, నిత్యం తిరుమణి పెట్టుకునే వైష్ణవుడు. సాయంకాలం ఇద్దరూ ఎదురెదురు అరుగుల మీద కూర్చొని మాట్లాడుకునేవాళ్లు. నేను పోయినప్పుడల్లా ఏదో ఒక వాదన నడుస్తూ ఉండేది.

"ఏమమ్మా, ఆడ గూడా ఏడు కొండలే అంటివే. పైన ఎవురుండారు?"

"పైన వానే ఉండేది స్వామీ. ఎప్పుడూ దిగదంట."

"అదీ ఒక దేవుడి లెక్కే మనకు. సరే, అంత వాన పడతా ఉంటే ఎండుచేప యాడ ఎండతాది? నన్ను మోసం చెయ్యబాక."

"ఈ ఊర్లో ఎండదు స్వామీ. ఇంకా పైన ఉత్తరాన ఎండబెట్టి ఈడికి తెస్తారు. మీ కొండ మీద వడ పండతాదా? కింది నుంచి మినుములు పోతేనే గదా వడ."

ఆయన తల వెనక్కి వేసి నవ్వేవాడు. "బాగా చెప్పినావు" అని, తన ఏడు కొండల పేర్లు వరుసగా చెప్పి, "నీవి చెప్పు సూస్తాం" అనేవాడు. ఆమెకు రెండే వచ్చేవి. మిగతావాటికి నోరు తిరగదని ఒప్పుకునేది. "నోరు తిరిగే పేరు ఒక్కటి చాల్లే స్వామీ. దాన్నే ఆదివారం ఆదివారం తిప్పుతా ఉండా."

ఆ ఆదివారం సంగతి ఆమె నాకు ఒకసారి పూర్తిగా చెప్పింది. స్వాతంత్ర్యం రాకముందే దొరసాని స్వదేశం పోయింది. ఓడ ఎక్కడానికి మద్రాసు పోతూ ఉంటే రేణిగుంట ప్లాట్‌ఫారం మీద ఈమె ఏడ్చిందంట, అప్పటికి పెండ్లీడు పిల్ల. దొరసాని తన గొడుగు ఈమె చేతిలో పెట్టి, "నువ్వు ప్రతి ఆదివారం గుళ్లో నా ఊరి పేరు చెప్పి ప్రార్థన చెయ్యి. నేను అక్కడ గుళ్లో నీ ఊరి పేరు చెప్తాను. ఇద్దరిలో ఎవరమూ తప్పకూడదు" అన్నదంట. రైలు కదిలింది. తరువాత రెండు మూడు కబుర్లు వచ్చి, ప్రపంచ యుద్ధంలో ఆగిపోయాయి. మళ్లీ రాలేదు.

"ఆమె ఇంకా ఉందంటారా?" అని నేను అడిగాను.

"లేకుండా పోయుంటాది. నాకన్నా శానా పెద్దది. అయితే ఏం? పోతా పోతా ఇంకొకరికి అప్పగించే పోయుంటాది. ఆయమ్మ అట్టాంటిది. ఆడ ఇప్పుడు గూడా ఎవురో లేచి నిలబడి తిరుపతి అంటా ఉండారు టీచరూ. మనం గుడికి పోయేటప్పటికి వాళ్లకింకా తెల్లారదంట. ముందు నేను చెప్తా. వాళ్లు లేచి తరువాత చెప్తారు."

ఆమె నమ్మకం అంతా ఇదే. లోకంలో ఎక్కడో వానలో తడిసే ఒక గుళ్లో, మా ఊరి పేరు దేవుని చెవిన పడుతూ ఉందని. తాను ఒక్క ఆదివారం తప్పితే అక్కడ అది ఆగిపోతుందని ఆమె భయం. నాకు బంధువులు అనదగ్గ వాళ్లు వీధికి ఇద్దరున్నారు. ఆమెకు పుట్టుక తెలియదు, పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఆమె కోసం తలచుకునేవాళ్లు ఈ భూమి మీద ఉన్నారంటే ఆ ఊళ్లోనే ఉండాలి.

ఒకసారి ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. శనివారం సాయంత్రం నన్ను పిలిపించింది. దుప్పటి కప్పుకొని గోడకు ఆనుకొని కూర్చుంది.

"రేపు నువ్వు చెప్పాల."

"చెప్తానమ్మా."

"యాదీ, చెప్పు."

నేను చెప్పాను. "కొయ్య ఇండ్లకు నిప్పు తగలకుండా కాపాడుము" అన్నాను.

"కాపాడుము యాడి నుంచి వచ్చింది? నేనట్లా అంటానా? తగలనీకు అను. ఆయన అలవాటు పడిపోయినాడు ఆ మాటకు."

మళ్లీ మొదలుపెట్టించింది. రెండోసారి వాన దగ్గర "రొంత" మరిచిపోయాను. "రొంత అనకపోతే పూర్తిగా నిలిపేస్తాడు. పచ్చిక ఎండిపోదా?" అని కసిరింది. పూర్తిగా వచ్చేదాకా వదల్లేదు. పోయేటప్పుడు గొడుగు చేతికిచ్చి, "తీసుకొని పో. ఇది లేకపోతే నీ కాళ్లు వణుకుతాయి" అన్నది. ఆ ఆదివారం నేను లేచి బెర్గెన్ అనగానే మగవాళ్ల వైపు నుంచి కిచకిచ నవ్వులు వినిపించాయి. గొడుగు మొన నేలకు గట్టిగా ఆనించాను. ప్రార్థనలో నా అవసరం కాని, నా వాళ్ల అవసరం కాని ఒక్కటీ లేకుండా, నేను ఎన్నడూ చూడని మనుషుల ఇళ్ల కోసం, వాళ్ల దండెం మీద బట్టల కోసం దేవుణ్ణి అడగడం అదే మొదటిసారి. అంత తేలికగా నేను ఎప్పుడూ ప్రార్థన చేయలేదు. విజ్ఞాపన అంటే ఏమిటో ఊరూరా వాక్యం చెప్పే ఉపదేశి కూతురిగా పుట్టి ఎన్నో ప్రసంగాలు విన్నాను కాని, ఆ రోజు గొడుగు పట్టుకొని నిలబడ్డప్పుడే తెలిసింది.

తరువాత కరువు వచ్చింది. వరుసగా వానలు తప్పాయి. స్వర్ణముఖి ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. అప్పుడే మాకు కొత్త అయ్యగారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, వేదాంత కళాశాల నుంచి అప్పుడే వచ్చినవాడు, చురుకైనవాడు. వాన కోసం సంఘమంతా ఉపవాస కూడిక పెట్టారు. పొద్దున్నుంచి ఎవరూ నీళ్లు కూడా ముట్టలేదు. ఒక్కొక్కరే లేచి కన్నీళ్లతో వాన అడిగారు. చివర గొడుగు నేలకు తగిలింది.

"ప్రభువా, బెర్గెన్ పట్టణాన్ని జ్ఞాపకం చేసుకో. ఆడ వాన రొంత నిలుపు..."

సంఘ పెద్ద ఒకాయన ఉండేవాడు, రైల్వేలో గార్డుగా చేసినవాడు, ఈలకు అలవాటు పడిన గొంతు. ఆయన ఆగలేకపోయాడు.

"ఏమక్కా! ఈడ బావుల్లో రాయేస్తే ఖంగుమంటా ఉంటే వాన నిలపమంటావా! పొద్దున్నుంచి మేం ఒకటి అడగతా ఉండాం, నువ్వొకటి అడగతా ఉండావు. పైనున్నాయన ఏది వినాల?"

"నేను ఈడ నిలపమంటినా? ఆడ నిలపమన్నా. మబ్బులన్నీ ఆడనే కాపురం పెడితే మనకెట్టొస్తాయప్పా? రైళ్లు చూసినోడివి గదా. ఆడ జెండా ఊపితేనే ఈడికొచ్చేది."

ఉపవాసంలో ఉన్న సంఘమంతా పకపకా నవ్వింది. ఎండిన నాలుకలతో, కళ్లలో ఇంకా తడి ఉండగానే నవ్వాము. గార్డాయన కూడా నవ్వాడు. అయ్యగారు నవ్వలేదు. వాన మరుసటి వారం రాలేదు. చాలా ఆలస్యంగా, ఎవరూ ఎదురుచూడని వేళ వచ్చింది. అది ఎవరి ప్రార్థన ఫలమో నేను చెప్పను. ఆ లెక్క నాది కాదు.

తరువాతి ఆదివారం అయ్యగారు ప్రసంగ వేదిక మీద నుంచే చెప్పారు. ఇకమీద విజ్ఞాపనల్లో మన సంఘం, మన ఊరు, మన దేశం గురించే చెప్పాలి. దొరల కాలం అయిపోయింది. వాళ్ల పాలపొడి, వాళ్ల పాత బట్టలు అయిపోయాయి. మన గుడి మన కానుకలతో నడవాలి. పేర్లు ఏమీ చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. ఆయన మాటలో న్యాయం ఉంది, అది నాకు అప్పుడూ తెలుసు. ఆరాధన కాగానే బెర్గెనమ్మ నన్ను వెంటబెట్టుకొని అయ్యగారి ఇంటికి పోయింది. ఆయన వరండాలో కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు.

"అయ్యా, నేను వాళ్లను ఏమన్నా అడుక్కుంటా ఉండానా?"

"అడుక్కుంటున్నారని నేను అనలేదమ్మా. కాని ఎప్పుడూ ఆ దేశం వైపే చూస్తూ ఉంటే మనం మన కాళ్ల మీద ఎప్పటికి నిలబడతామండీ? పిల్లలు కూడా ఆ పేరే పలుకుతున్నారు."

"వాళ్ల ముందర మనం చెయ్యి చాపినోళ్లమని గదా మీ బాధ. నా బాధ గూడా అదే. వాళ్ల పాలపొడి తాగినాం, వాళ్ల సూది మందు పొడిపించుకున్నాం, వాళ్ల గౌన్లు తొడుక్కున్నాం. తిరిగి ఇచ్చింది ఇదొక్కటే. దీన్ని గూడా ఆపేస్తే మనకు చాపిన చెయ్యే మిగులుతాదయ్యా."

అయ్యగారు ఆమె చేతిలోని గొడుగు వైపు చూశారు. మెత్తబడ్డారనే అనుకున్నాను. కాని సంఘమంతటికీ చెప్పిన మాట వారంలో మార్చుకుంటే ఎట్లా అనుకున్నారో ఏమో, "నియమం నియమమేనమ్మా. గుడి లోపల వద్దు" అన్నారు.

"సరే. గుడి లోపల మీ మాట. మెట్ల మీద?"

"మెట్ల గురించి నేనేమీ అనలేదే."

"అనబాకండి. ఈడితో ఆపండి" అని వెనక్కి తిరిగింది.

ఆ రోజు నుంచి ఆమె లోపల మౌనంగా కూర్చునేది. ఆశీర్వాదం అయి అందరూ చెప్పులు వేసుకునే వేళకు రెండో మెట్టు మీద గొడుగు మోపి నిలబడి, అదే ప్రార్థన చెప్పేది. వీధిలో రిక్షాలు, కొండకు నడిచిపోయే యాత్రికుల గోవింద నామాలు, బఠాణీల బండి గంట. వాటి మధ్య బెర్గెన్. మొదట నేనొక్కదాన్నే ఆగి ఆమేన్ అనేదాన్ని. కొన్నాళ్లకు గార్డాయన ఆగాడు. "ఎందుకాగినావప్పా?" అని ఆమె అడిగితే, "చెప్పు కనిపించలా" అన్నాడు. ఆయన చెప్పు ఆ తరువాత చాలా ఆదివారాలు కనిపించలేదు. ఎదురు అరుగు వైష్ణవ స్వామి కూడా ఒకసారి కూరగాయల సంచితో ఆ దోవన పోతూ ఆగి, అయిపోయేదాకా నిలబడి, తల ఆడించి పోయాడు.

ఆమె పోయిన సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, తరువాత చెప్పబుద్ధి కాదు. ఎనభైల నడుమ, ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. మిషన్ సమాధుల తోటలో పెట్టాము. గొడుగు ఆమె పక్కనే పెట్టాము. ఆమె చావు నాకు పెద్ద జ్ఞాపకం కాదు. అంతకు రెండు మూడేళ్ల ముందు వచ్చిన ఒక ఆదివారమే నాకు ఆమె జ్ఞాపకం.

అది జనవరి నెల. ఆరాధన మొదలయ్యాక ఒక విదేశీయురాలు లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పొడుగాటి మనిషి, నడివయసు దాటింది, ఎండకు ముక్కు ఎర్రబడింది. వేలూరులో తెలిసినవాళ్ల దగ్గరికి వచ్చి, ఏడు కొండలు చూసిపోదామని తిరుపతి వచ్చిందంట. ఆదివారం కాబట్టి గుడి వెతుక్కుంది. ప్రసంగానికి ముందు అయ్యగారు ఆమెను నిలబెట్టి పరిచయం చేసుకోమన్నారు. ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పింది, నార్వే అన్నది, తరువాత ఊరు చెప్పింది.

బెర్గెన్.

గుళ్లో అందరి తలలూ తిరిగాయి. ఆ వచ్చినామె వైపు కాదు, మూడో వరుస వైపు. పిల్లలైతే వేళ్లు చూపించారు. పాపం ఆ విదేశీయురాలికి ఏమీ అర్థం కాలేదు. "ఇండియాలో ఇన్నాళ్లు తిరిగాను, మా ఊరు విన్నవాళ్లు ఒక్కరూ దొరకలేదు. ఇక్కడ పిల్లలకు కూడా తెలుసే!" అన్నది. అయ్యగారు ఆ మాట తెలుగులో చెప్పడానికి కొంచెం తడబడ్డారు. బెర్గెనమ్మ కదల్లేదు. ప్రసంగం సాగినంతసేపూ గొడుగు పిడిని రెండు చేతులతో పట్టుకొని కూర్చుంది. ఆ చేతులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

ఆశీర్వాదం అయ్యింది. అందరూ మెట్ల దగ్గరికి వచ్చారు కాని ఎవరూ ఇంటికి పోలేదు. అయ్యగారు ఆ విదేశీయురాలిని బెర్గెనమ్మ దగ్గరికి తీసుకొచ్చి, ఆమె ఎవరో, దొరసాని ఎవరో, ఈ ప్రార్థన ఏమిటో ఇంగ్లీషులో చెప్పారు. తాను దాన్ని మెట్ల మీదికి పంపిన సంగతి కూడా దాచకుండా చెప్పారు. వచ్చినామె కళ్లు పెద్దవి చేసుకొని విన్నది. బెర్గెనమ్మ గొంతు సవరించుకుంది.

"అడగండయ్యా. వాళ్ల గుళ్లో తిరుపతి పేరు చెప్తా ఉండారా?"

అయ్యగారు అడిగారు. నేను పక్కనే ఉన్నాను, నాకు ఇంగ్లీషు వచ్చు. ఆ తల్లి నిజం చెప్పింది. లేదు, నేను ఎన్నడూ వినలేదు, ఆ నర్సు ఎవరో కూడా తెలియదు, తిరుపతి పేరు నేను విన్నదే పోయిన వారం వేలూరులో అన్నది. మా గుళ్లో ఇప్పుడు వచ్చేవాళ్లే తక్కువ, చాలా బాధగా ఉంది అన్నది. చెప్తున్నంతసేపూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

అయ్యగారు ఇటు తిరిగారు.

"చెబుతారంటమ్మా. ప్రతి ఆదివారం."

బెర్గెనమ్మ ఆయన్ను చూసింది. వచ్చినామెను చూసింది. మళ్లీ ఆయన్ను చూసింది.

"తల అట్టా ఆడించి చెప్తామంటారా అయ్యా ఆ దేశంలో?"

అయ్యగారు తల దించుకున్నారు. మా అందరితో అంత కచ్చితంగా నడిచే మనిషి, ఆమె కోసం అబద్ధమాడి, మెట్ల మీద పిల్లల ముందర దొరికిపోయి నిలబడ్డారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ క్షణంలోనే రెట్టింపయింది.

ఆమె మెల్లగా మెట్టు మీద కూర్చుంది. "దంచేటప్పుడు ఎదురు రోకలి పడతా ఉంటే చెయ్యి నొప్పి తెలియదు టీచరూ" అన్నది నాతో. "నా పోటుకు ఎదురుపోటు పడతానే ఉండాదనుకుంటిని. ఇన్నేండ్లూ ఒక్కదాన్నే దంచినానా?"

గార్డాయన వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ విదేశీయురాలికి మాట తెలియకపోయినా సంగతి తెలిసింది. ఆమె కూడా వచ్చి అదే మెట్టు మీద, ఆమె పక్కన కూర్చుంది. తరువాత బెర్గెనమ్మ ఆమె చెయ్యి పట్టుకొని తన ఒడిలో పెట్టుకుంది.

"ఇంకా ఏమో చెప్పిందే, ఏమంటా ఉండాది?" అని నన్ను అడిగింది.

"వాళ్ల గుడికి వచ్చేవాళ్లే తక్కువంటమ్మా."

"పాపం. అయితే వాళ్ల కోసం ప్రార్థన చెప్పేవాళ్లు గూడా లేరు" అన్నది. ఆ గొంతులో ఇప్పుడు తన బాధ లేదు. కాన్పుల గదిలో కొత్త తల్లులతో మాట్లాడే గొంతు అది. "సరే, ఇటు చూడు తల్లీ. చెప్పు. తిరుపతి."

ఆ తల్లి ఏదో అన్నది. అది ఏ ఊరో మాకు తెలియలేదు.

"కాదు. తి. రు. ప. తి. నోరు తెరువు."

పిల్లలు కూడా కలిశారు. తప్పు పలికినప్పుడల్లా కాదు కాదు అని అరిచారు. ఆమె నవ్వుతూ, చెమట తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ పలికింది. చివరికి మా బఠాణీల బండివాడు పలికినట్టే పలికింది. "ఆ! అదే!" అని బెర్గెనమ్మ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది.

అప్పుడు అయ్యగారు కిందికి దిగి వచ్చి, "అమ్మా, లేవండి. లోపలికి రండి. ఇక మెట్ల మీద వద్దు" అన్నారు.

"నియమం?"

"నేను పెట్టిందే కదమ్మా."

అందరమూ మళ్లీ చెప్పులు విప్పి లోపలికి పోయాము. ఆమె మూడో వరుసలో కాదు, ముందుకు పోయి నిలబడింది. తన మామూలు ప్రార్థన మామూలుగానే చెప్పింది. మేము ఆమేన్ అన్నాము. తరువాత పక్కన నిలబడిన విదేశీయురాలి వైపు తిరిగి, ఇక నీ వంతు అన్నట్టు చూసింది. ఆ తల్లి కళ్లు మూసుకొని తన సొంత భాషలో ప్రార్థన మొదలుపెట్టింది. ఆ భాష మాలో ఎవరికీ రాదు. రాయి మీద నీళ్లు పారినట్టు సాగిపోతూ ఉంది, ఎక్కడా పట్టు దొరకలేదు. పిల్లలు ఊపిరి బిగబట్టి విన్నారు. నడుమ ఒక్కసారి ఆగి, తప్పు పోకుండా, నోరు బాగా తెరిచి ఒక్కో అక్షరమే పలికింది.

తిరుపతి.

ఆమె ఇంకా ప్రార్థన ముగించనే లేదు. బెర్గెనమ్మ ఆమేన్ అనేసింది.